మన సీమలోని క్రైస్తవ సంఘములు



నేను రుద్రవరము వాస్తవ్యుడను. తెలుగు పండితుడనై ముప్పదియేండ్లకు పైగా పాఠశాలలలో బాలురకు చదువు చెప్పి విశ్రాంతి గైకొన్నవాడను. శబ్దమంజరియు పురాణములును చదివిన యీ పంతులు క్రైస్తవ సంఘములను గూర్చి ప్రసంగించుట యేమని మీలో కొందరికి వింతగా తోచవచ్చును. కారణము చెప్పెదను. ఈ విషయము తెలియక నేనొకప్పుడు పదిమంది యెదుట తప్పు తీర్పు చెప్పితిని. గ్రామములలో పెద్దరికము చేయు మీకు అట్టి తప్పు రాకుండవలెనని నా కోరిక.

సుమారు ముప్పదియైదేండ్ల క్రిందటి మాట. అప్పుడు నేను నంద్యాల ప్రాంతముననే యొక గ్రామమున పని చేయుచుంటిని. ఆ యూరి క్రైస్తవులలో ఒక వృద్ధుడు చర్చిలో ఉపదేశిగా చిరకాలము పని చేసి మానినవాడు. ఆయన మనుమనికి నల్లమల కావల, మార్కాపురము వైపునుండి సంబంధము కుదిరినది. ఇరువైపులవారును క్రైస్తవులే, ఒకే కులమువారే, దూరపు చుట్టరికము కూడ కలదు. తాంబూలములు పుచ్చుకొనిన పిమ్మట చిక్కు వచ్చినది. పిల్లవారిది బాప్తిస్టు సంఘము. వరుడు నీట మునిగి బాప్తిస్మము పొందిననే తమ చర్చిలో పెండ్లి జరిగింతుమని వారి పాస్టరుగారు చెప్పిరి. తమ పిల్లవానికి పసితనముననే బాప్తిస్మమైనదని, మరల యేల పొందవలెనని వీరు పట్టుపట్టిరి. తగవు రచ్చబండకెక్కినది.

చదువుకొన్నవాడనని పెద్దలు నన్నును పిలిచిరి. నేను పెక్కు ఆలోచింపక, “నీళ్లే కదా! ఒకసారి మునిగినవాడు ఇంకొకసారి మునిగిన పోవునదేమి? ఇంత చిన్నమాటకు మంచి సంబంధము చెడగొట్టుకొనకుడు” అంటిని. కూర్చున్నవారందరు తలలూపిరి. అప్పుడా వృద్ధుడు లేచి నిలుచుండి, “అయ్యవారూ, మీకు మళ్లీ ఒడుగు చేస్తామంటే ఒప్పుకుంటారా?” అని యడిగెను.

నాకు నోట మాట రాలేదు. పునరుపనయనమనునది శాస్త్రమున కలదు. కాని యది చేయరాని పని చేసి చెడినవానికి విధింపబడిన ప్రాయశ్చిత్తము. ఏ దోషమును లేనివానికి మరల ఒడుగు చేయుదుమనుట యనగా, మొదటిది చెల్లలేదనియో, వాడు పతితుడనియో చెప్పుటయే. నేను నీళ్లని తలచిన దానిని ఆయన జన్మసంస్కారముగా తలచుచుండెను. ఆ సాయంకాలము నేను ఆయన యింటికి పోయి యరుగుపై కూర్చుండి, “పెద్దయ్యా, తెలియక అంటిని, మీలో ఈ భేదములేమో నాకు చెప్పవలెను” అని వేడితిని. ఆయన చెప్పినదియు, పిమ్మట నేను చదివి తెలిసికొన్నదియు కలిపి మీకు మనవి చేయుచున్నాను.

మనలో పెక్కుమంది క్రైస్తవులందరు ఒక్కటే యనుకొందురు. అహోబిలమునకు వచ్చిన పరదేశి వడగలవారిని, తెంగలవారిని చూచి, “అందరు నామములు పెట్టినవారే గదా” యనినట్లే ఇదియును. ఇరుతెగలకును దైవము నారాయణుడే, ఆచార్యుడు రామానుజులవారే, పాడునది దివ్యప్రబంధమే. అయినను కంచిలో పారాయణకు ముందు ఎవరి స్తుతిశ్లోకము చదువవలెనను వివాదము న్యాయస్థానములకెక్కి తరములపాటు నడచినది. వెలుపలివానికి గోరంతగా కనబడునది లోపలివానికి కొండంత. ఈ మాట మనసున నుంచుకొని క్రైస్తవుల సంగతి చూతము.

వారిలో శాఖలెన్నియున్నను మూడు ప్రశ్నలు వేసిన చాలును, ఎవరెవరో కొంతవరకు తెలియును.

మొదటి ప్రశ్న: బాప్తిస్మము ఎప్పుడు, ఎట్లు? రోమను కతోలికులు, ఆంగ్లికనులు, లూథరనులు, మెథడిస్టులు పసిబిడ్డలకే బాప్తిస్మమిత్తురు. తలపై నీరు పోయుటయో చిలుకరించుటయో వారి వాడుక. కతోలికులు దానిని జ్ఞానస్నానమందురు. బాప్తిస్టులు, మెన్నొనైటు బ్రదరెన్‌వారు, పెంతెకోస్తువారు అట్లు చేయరు. మనిషి పెరిగి, తెలిసి, తన నోట విశ్వాసమును ఒప్పుకొనిన పిమ్మటనే నీట ముంచి యిత్తురు. నేను తీర్పు చెప్పిన తగవులోని మర్మమిదియే. బాప్తిస్టు పాస్టరుగారు ఆ పిల్లవానిని అవమానింపవలెనని యడుగలేదు. ఆయన దృష్టిలో పసితనమున జరిగినది బాప్తిస్మమే కాదు. కనుక తామిచ్చునది రెండవది కాదు, మొదటిదే. వృద్ధుని దృష్టిలో మొదటిది దైవసాక్షిగా జరిగిపోయినది; కనుక మరియొకటి దానిని తుడిచివేయుటయే. ఇరువురును తమ మతమును నిజముగా నమ్మినవారే. మొండితనము ఏ పక్షమునను లేదు.

రెండవ ప్రశ్న: సంఘమునకు పెద్ద ఎవరు? కతోలికులకు రోమునందలి పోపుగారు పరమాధ్యక్షుడు. ఆయన క్రింద బిషప్పులు, వారి క్రింద గురువులు. ఆంగ్లికనులకు పోపు లేడు గాని బిషప్పులు కలరు. ఒక బిషప్పు తలపై ముందటి బిషప్పులు చేతులుంచి అభిషేకింతురు. ఈ హస్తనిక్షేపము క్రీస్తు శిష్యుల కాలమునుండి తెగక వచ్చినదని వారి నమ్మకము. మన మఠములలో గురుపరంపర యెంత ముఖ్యమో వారికిదియంత. బాప్తిస్టులలో ఏ ఊరి సంఘము ఆ ఊరికి స్వతంత్రము. విశ్వాసులు కూడి పాస్టరును ఏర్పరచుకొందురు.

మూడవ ప్రశ్న: ఆరాధన పుస్తకము ననుసరించియా, మనసుకు తోచిన మాటలతోనా? కతోలికులకును ఆంగ్లికనులకును లూథరనులకును వ్రాసియున్న క్రమము కలదు. బాప్తిస్టులు, పెంతెకోస్తువారు పుస్తకము లేకయే ప్రార్థింతురు. ఇవిగాక శనివారమును విశ్రాంతిదినముగా పాటించు ఏడవదిన సబ్బాతువారు మొదలగు శాఖలును మన దేశమున కలవు.

ఇన్ని శాఖలు మన పల్లెలకెట్లు వచ్చినవి? ఇది విచారింపదగిన విషయము. ఐరోపాలో ఈ భేదములు వాదములవలనను యుద్ధములవలనను పుట్టినవి. 1517లో జర్మనీలో మార్టిన్ లూథరు పోపుగారి నెదిరించినది మొదలు అచట చీలికలు పెరిగినవి. మన తెలుగువారు ఆ వాదములలో పాల్గొనినవారు కారు. ఏ తాలూకాకు ఏ మిషనువారు వచ్చిరో, ఆ తాలూకా క్రైస్తవులు ఆ శాఖవారైరి.

మొదట వచ్చినవారు కతోలికులు. 18వ శతాబ్ది ఆరంభమున ఫ్రెంచి జెసూయిటు గురువులు పుంగనూరు మార్గమున మన సీమకు వచ్చిరి. రెడ్డి కుటుంబములు కొన్ని ఆ కాలముననే వారి మతము పుచ్చుకొన్నవి. నూరేండ్లకు పిమ్మట 1805లో లండను మిషనువారు విశాఖపట్టణమున దిగిరి. ఆ మిషనే తరువాత కడప, జమ్మలమడుగు, గుత్తి ప్రాంతములలో నిలిచినది. అమెరికా బాప్తిస్టులు నెల్లూరునుండి ఒంగోలునకును, అటనుండి కంభము, మార్కాపురము వైపునకును వచ్చిరి. 1842లో హెయరు అయ్యగారు గుంటూరు చేరి లూథరను మిషనును స్థాపించెను. మచిలీపట్టణమున 1841 నుండి చర్చి మిషనరీ సొసైటీ యను ఆంగ్లికనులు పని చేసిరి. మెదకులో వెస్లియను మెథడిస్టులు, పాలమూరు వైపు మెన్నొనైటులు స్థిరపడిరి. మన నంద్యాల, ముత్యాలపాడు, కలసపాడు ప్రాంతములు ఎస్.పి.జి. యను మరియొక ఆంగ్లికను సంఘము వంతునకు వచ్చినవి. ఒకరు విత్తిన పొలమున మరియొకరు విత్తరాదని ప్రొటెస్టంటు మిషనులలో పెక్కు తమలో తాము ఏర్పాటు చేసికొనిరి. కనుకనే నల్లమలకు ఈవల చిలుకరింపు, ఆవల ముంపు!

1876 మొదలు 1878 వరకు వచ్చిన గొప్ప కరవున మన కర్నూలు సీమ యెంత నష్టపడినదో మీరు పెద్దలవలన వినియేయుందురు. ఆ కరవున ఒంగోలు మిషనరీ క్లౌగుదొర బకింగుహాము కాలువ త్రవ్వకమున కొంతభాగము కంట్రాక్టు తీసికొని ఆకలిగొన్నవారికి కూలి చూపించెను. 1878 జులై 3వ తేదీన ఒక్కదినమున 2,222 మంది ఆ సంఘమున బాప్తిస్మము పొందిరి. ఊరి వెలుపల నిలుపబడి, బడికిని నూతికిని గుడికిని దూరము చేయబడిన మాల మాదిగ సోదరులే వీరిలో పెక్కుమంది. మనము చూపని ఆదరము వేరొకరు చూపినప్పుడు వారటు పోయిరి. దీనికి వారిని నిందించుటకంటె మన పూర్వులు చేసినదానిని తలచుకొనుట మేలు. ఇంకొక మాట కూడ దాచకుండ చెప్పవలెను. కొన్ని తావులలో ఒక కులమువారు ఒక మిషనులోను, రెండవ కులమువారు వేరొక మిషనులోను చేరిరి. మీ యూర రెండు చర్చిలవారు కలహించినచో, అది బాప్తిస్మమును గూర్చినదో, పాత కులభేదమే క్రొత్త వేషమున వచ్చినదో పరిశీలింపుడు.

ఇట్లు పాలుపడిన సంఘములను మరల కూర్పవలెనను తలంపు మన దక్షిణదేశముననే పుట్టినది. 1919లో తరంగంబాడిలో వేర్వేరు సంఘముల గురువులు సమావేశమై, ఐరోపావారి కలహముల ఫలమును భారతీయులు మోయవలసిన పనియేమని విచారించిరి. వారిలో ముఖ్యుడు దోర్నకల్ బిషప్పు అజరయ్యగారు. 1912లో అభిషిక్తుడైన ఆయన, ఆంగ్లికను సంఘమున బిషప్పు పదవి పొందిన మొదటి భారతీయుడు. సంప్రదింపులు 28 ఏండ్లు సాగినవి. అజరయ్యగారు 1945 జనవరి 1న గతించిరి, ఫలమును చూడలేదు. దేశమునకు స్వాతంత్ర్యము వచ్చిన ఆరువారములకు, 1947 సెప్టెంబరు 27న మద్రాసు సెయింటు జార్జి చర్చిలో ఆంగ్లికనులు, మెథడిస్టులు, లండను మిషనువారి పరంపరలోనివారు కలిసి దక్షిణ ఇండియా సంఘముగా ఏర్పడిరి. సి.ఎస్.ఐ. యని మనము వినునదిదియే. లూథరనులు, బాప్తిస్టులు దీనిలో చేరలేదు.

ఇక్కడ మన నంద్యాల సంగతి వచ్చుచున్నది. దక్షిణమున తక్కిన ఆంగ్లికనులు చేరిరి గాని, నంద్యాల ప్రాంతపువారిలో పెక్కుమంది చేరమనిరి. వారి యభ్యంతరము గురుపరంపరను గూర్చినది. క్రొత్త సంఘమున ఇకముందు గురువులందరిని బిషప్పులే అభిషేకింతురని నియమమున్నను, బిషప్పు చేయి తలపై పడని మెథడిస్టు, లండను మిషను గురువులు తమ జీవితాంతము అట్లే గురువులుగా నుండవచ్చునని యొప్పుకొనబడినది. అట్టివారి చేతినుండి ప్రభువు భోజనమును పుచ్చుకొనుటకు నంద్యాలవారి మనసు ఒప్పలేదు. వారు కలకత్తాలోని ఆంగ్లికను ప్రధానాధ్యక్షుని అధికారము క్రిందనే యుండిరి. ఇరుగుపొరుగు జిల్లాల సోదరులొక సంఘమున, వీరొక సంఘమున. మా ఉపదేశిగారు నాతో, “పిల్లనిచ్చినవాళ్లం, తెచ్చుకున్నవాళ్లం, ఒక బల్ల దగ్గర మోకరించలేకపోయినాం అయ్యవారూ” అని కండ్లు తుడుచుకొనెను. ఎదుటివారిని ద్వేషించి తాము విడిగా నిలువలేదనియు, తండ్రులు అప్పగించినది చెడునేమోయను భయముచే నిలిచితిమనియు చెప్పెను.

1970లో ఉత్తర దేశపు సంఘములు కలిసి ఉత్తర ఇండియా సంఘమైనప్పుడు నంద్యాలవారు దానిలో భాగమైరి. పిమ్మట కొన్ని యేండ్లకే, ఆ దశకపు నడుమ, దక్షిణ ఇండియా సంఘమునకు వచ్చి చేరిరి. 28 ఏండ్లు కలయుటకు మాటలాడుకొనిరి. దాదాపు అన్ని యేండ్లే యెడముగా నుండిరి. ఎవరును వారిని బలవంతపెట్టలేదు. పాతగురువులలో పెక్కుమంది కాలముతో కడచిరి, బిషప్పుచే అభిషేకము పొందిన క్రొత్తవారు వచ్చిరి, భయము తీరినది, కలిసిరి.

బలవంతపెట్టిన నేమగునో తెలియుటకు దూరదేశపు కథ యొకటి చెప్పెదను. ఉక్రెయిను దేశపు ప్రజలు 988లో కీవు నగరపు ప్రభువుతోడ కాన్‌స్టాంటినోపులువారి ఆచారమున క్రైస్తవులైరి. వీరిది ఆర్థడాక్సు మతము. 1596లో వారిలో కొందరు బిషప్పులు తమ పాత పూజావిధానమును విడువకయే రోము పోపు నధ్యక్షునిగా నంగీకరించిరి. వీరిని గ్రీకు కతోలికులందురు. వెలుపలివాడు చూచిన రెండు గుళ్లలోను అవే దీపములు, అవే పటములు, అదే గానము; వీరి గురువులకును పెండ్లియాడు వాడుక కలదు. ప్రార్థనలో ఎవరి పేరు అధ్యక్షునిగా తలతురన్నదే ముఖ్యభేదము. 1946లో సోవియట్ ప్రభుత్వము ల్వీవు నగరమున ఒక సభ కూర్పించి గ్రీకు కతోలికులను మాస్కో ఆర్థడాక్సు సంఘమున కలిపివేసినట్లు ప్రకటింపజేసినది. ఒప్పుకొనని బిషప్పులు చెరసాలల పాలైరి. సంఘము కాగితముమీద లేకపోయినను ఇండ్లలోను అడవులలోను రహస్యముగా పూజలు సాగినవి. 1989లో అడ్డు తొలగగానే లక్షల జనము మరల బయటపడిరి. అచటి ఆర్థడాక్సువారు సయితము నేటికి ఒక్కటిగా లేరు. 2018లో ఏర్పడిన ఒక స్వతంత్ర సంఘమునకు 2019 జనవరిలో కాన్‌స్టాంటినోపులు పీఠము గుర్తింపొసగినది. మాస్కోతో చిరకాల సంబంధము గల సంఘము వేరుగా నున్నది. ప్రభుత్వపు ఆజ్ఞతో అతికినది నలుబదిమూడేండ్లకు ఊడిపోయినది. ఎవరి ఆజ్ఞయు లేక నంద్యాలలో అతికినది నిలిచియున్నది.

మరియొక విశేషము వినుడు. బిషప్పుల పరంపర చెడునేమోయని ఒకప్పుడు వెనుదీసిన ఆ నంద్యాల పీఠమునకే 2013లో ఎగ్గోని పుష్పలలితమ్మగారు బిషప్పుగా అభిషిక్తురాలైనది. దక్షిణ ఇండియా సంఘమున బిషప్పు పదవి పొందిన మొదటి స్త్రీ ఆమెయే. సమయమిచ్చిన మనుష్యులు ఎంతదూరము నడువగలరో దీనివలన తెలియుచున్నది.

భేదములనే చెప్పి ముగించుట న్యాయము కాదు. ప్రొటెస్టంటులగు తెలుగు క్రైస్తవులలో పెక్కుమంది చదువునది ఒకే తెలుగు బైబిలు. ‘ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు’ అను గ్రంథమును పలు సంఘములవారు సమానముగా పాడుకొందురు. అందు పురుషోత్తమ చౌధరిగారి కీర్తనలు మన రాగతాళములలో నున్నవి. మునిగినవారును చిలుకరింపబడినవారును ఒకే పాటను ఒకే రాగమున పాడుట నేను విన్నాను.

ఇక ఆ పెండ్లి యేమైనదని మీరడుగుదురు. మరునాడు నేను రచ్చబండవద్ద నా మాటను వెనుకకు తీసికొంటిని. రెండు పక్షములవారిని వేర్వేరుగా వినిన పిమ్మట, వరుని మునుగుమని యెవరును అడుగరాదనియు, వధువుయొక్క బాప్తిస్మమును ఎవరును తక్కువ చేయరాదనియు కుదిరినది. పెండ్లి వరుని చర్చిలో వారి గురువుగారిచే జరిగినది. వధువు సంఘపు పాస్టరుగారు వచ్చి ప్రార్థన చేసి దీవించిరి. ఆ దంపతులకు కొడుకు పుట్టినప్పుడు పాత ప్రశ్నయే మరల తలయెత్తినది. బిడ్డను చర్చికి తీసికొనిపోయి దీవెన పొంది, బాప్తిస్మమును వాని యెరుకకు విడుతమని తల్లి కోరినది. వృద్ధుడొప్పుకొనుటకు రెండేండ్లు పట్టినది. ఎవరును ఆయనను తొందరపెట్టలేదు. ఒప్పుకొన్ననాడు ఆయనయే మనుమని కొడుకును ఎత్తుకొని చర్చికి నడచెను.

కనుక పెద్దలారా, మీ యెదుటికి ఇట్టి తగవు వచ్చినప్పుడు మొదట ఆ మూడు ప్రశ్నలు వేయుడు. క్రైస్తవ వివాహములకు 1872 నాటి చట్టమొకటి కలదు. పెండ్లి చేయువానికి దాని ప్రకారము అధికారమున్నదో లేదో విచారింపుడు. సంస్కారమునకు సంబంధించిన దానిని వారి గురువులకు విడువుడు. పొలముగట్టు, శ్మశానపు దారి, కట్నకానుకలు మొదలగువానిని మీరు తీర్పుడు. అన్నింటికంటె ముందు, “ఇంతేకదా” అను మాటను నోటికి రానీయకుడు. ఆ మాట యన్న నన్ను ఒక వృద్ధుడు ఒక్క ప్రశ్నతో విద్యార్థిని చేసెను. ఆయనకు నా నమస్కారము.